డైపోల్ చుట్టూ గొడుగులు

అచ్యుతన్ మాష్ కాలేజీలో చేరినవాళ్ళని సీటు దొరికిందా అని ఎవరూ అడగరు. మేకు దొరికిందా అని అడుగుతారు.

వడకర పాత బస్టాండు వెనక, మొయ్దుక్క, అంటే మొయ్దు అన్న, చాయ కొట్టు మీద, రేకుల కప్పు వేసిన మేడే ఆ కాలేజీ. పేరుకి కాలేజీ గానీ ఉన్నవి మూడు గదులూ ఒక వరండా. సర్కారు కాలేజీలో సీటు రాని ప్రీడిగ్రీ (మన ఇంటర్) పిల్లలు, ఒకసారి తప్పి మళ్ళీ రాసుకునేవాళ్ళు అక్కడ చదువుకుంటారు. జూన్‌లో మొదలైన వాన దసరా దాకా మొహం చాటెయ్యని ఊరు కాబట్టి, గొడుగులు తగిలించడానికి వరండా గోడ పొడుగునా మేకులు కొట్టించారు మాష్, అంటే మాస్టారు. మేకు పైన గోడ మీద చాక్‌పీసుతో పేరు. చేరినవాళ్ళకే మేకు. మొదటి వారం ఎవరైనా ఊరికే వచ్చి పాఠాలు విని పోవచ్చు, కానీ గొడుగు బెంచీ కింద పెట్టుకుని, అది కార్చిన నీళ్ళలో కాళ్ళు నానబెట్టుకుని కూర్చోవాలి. శనివారం నాడు నచ్చినవాళ్ళు మేకు చూసుకుని పేరు రాసుకుంటారు. నచ్చనివాళ్ళు గొడుగు విప్పుకుని రోడ్డు దాటతారు. రోడ్డుకి అటువైపు ఇంకో కాలేజీ ఉంది. దానికి స్లాబు ఉంది, ఫ్యాన్లు ఉన్నాయి, ఫిజిక్స్ చెప్పే వర్గీస్ సారు చేతిలో మైకు కూడా ఉంది.

జలజకి మేకు లేదు. ఆమె పిల్ల కాదు, టీచరు. అయినా లేదు.

టీచర్ల మేకులు ఆఫీసు తలుపు పక్కన వేరే ఉన్నాయి, మూడే మూడు. మొదటిది మాష్‌ది, ఆయన లెక్కలు చెబుతారు. రెండోది కెమిస్ట్రీ చెప్పే దేవయాని టీచర్‌ది. మూడోది తుప్పు పట్టి ఖాళీగా ఉంది. ఆ మేకు తాలూకు ఫిజిక్స్ మాష్ ఏడేళ్ళు సర్కారు ఉద్యోగం కోసం కళ్ళు కాయలు కాచేలా చూసి, మే నెలలో ఉత్తరం రాగానే తాగుతున్న చాయ గ్లాసు కూడా పూర్తి చెయ్యకుండా వెళ్ళిపోయాడు. సరిగ్గా ఆ వారమే జలజ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మెట్లెక్కింది. దేవయాని టీచర్ పంతొమ్మిదేళ్ళుగా కదలలేదు, ఇకముందూ కదలదు. ఫిజిక్స్ అయితే ఇస్తానన్నారు మాష్.

నా సబ్జెక్టు కెమిస్ట్రీ కదా మాష్ అంది జలజ. ఫిజిక్స్ ఆమె డిగ్రీలో పక్క సబ్జెక్టుగా చదివింది, అంతే.

"పక్కింటి పొయ్యి మీద మనం అన్నం వండలేమా ఏంటి? ఒక్క వారం చెప్పు" అన్నారు మాష్. "శనివారానికి రెండో సంవత్సరం ఫిజిక్స్‌కి పదిహేను పేర్లు పడితే మూడో మేకు నీది. పడకపోతే నా మీద కోపం పెట్టుకోకూడదు."

కోపం దేనికి, భయమే. ఇంట్లో అమ్మ పెట్టిన గడువు కూడా ఆ వారంతోనే సరి. ఆ తర్వాత మంగళూరు వెళ్ళి చిన్నమ్మ వాళ్ళ మందుల షాపులో కూర్చోవాలి. చెడ్డ పని కాదు, నీడపట్టు పని. కానీ జలజకి చాక్‌పీసు పిచ్చి. చిన్నప్పుడు కోళ్ళ గూడు తలుపు మీద రాసి కోళ్ళకి పాఠం చెప్పిన మనిషి. కోళ్ళు ఒక్కటీ నిలబడి వినలేదు గానీ ఆ పిచ్చి వదల్లేదు. మందుల షాపులో చీటీలు చదవడమే తప్ప బోర్డు మీద రాయడం ఉండదు కదా.

సోమవారం ఇరవై ముగ్గురు వచ్చారు. మంగళ, బుధ వారాలు వానలు తేలిగ్గా పడ్డాయి, పాఠాలు ఏదో నడిచిపోయాయి. అయితే ఆ ఇరవై ముగ్గురిలో జలజ చూసేది ఒక్కదాన్నే. చివరి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే రమ్లా. పోయినేడు ఫిజిక్స్‌లో మూడు మార్కులతో తప్పింది. ఆ మూడు మార్కుల కసి కళ్ళలో అలాగే ఉంది. పొద్దున ఎదుటి కాలేజీలో వర్గీస్ సారు పాఠం వింటుంది, మధ్యాహ్నం ఇక్కడికొచ్చి వింటుంది, చేపల బజార్లో రెండు బుట్టలూ చూసి బేరమాడే గడుసు ఇల్లాలి లాగా. ఆమె నోట్సే క్లాసంతా జిరాక్స్ తీసుకుంటారు. రమ్లా ఎటు పోతే సగం క్లాసు అటే పోతుందని దేవయాని టీచర్ మొదటి రోజే చెవిలో వేసింది. ధైర్యం చెబుతున్నానని అనుకుని చెప్పింది పాపం.

గురువారం డైపోల్ పాఠం. అంటే ఒక ప్లస్, ఒక మైనస్, సమానమైన రెండు ఛార్జీలు, మధ్యన కాస్త ఎడం. వాటి చుట్టూ ఏ చోట ఎంత విద్యుత్ క్షేత్రం ఉంటుందో, ఎటువైపు ఉంటుందో లెక్కకట్టాలి. పరీక్షలో తప్పకుండా వస్తుంది. పోయినేడు రమ్లా మూడు మార్కులు పోగొట్టుకున్నది సరిగ్గా ఇక్కడేనని పిల్లలు చెప్పుకుంటారు. జలజ ఆ లెక్కని బస్సులో చేసింది, వంటింట్లో పిండి రుబ్బుతూ చేసింది, స్నానాల గదిలో తడిగోడ మీద వేలితో చేసింది. దోసెట్లో నీళ్ళు పట్టుకున్నట్టు ఎక్కడా ఒలకకుండా మోసుకొచ్చింది.

రెండున్నరకి బోర్డు మీద "డైపోల్" అని రాసిందో లేదో, వాన దిగింది.

రేకుల మీద పడే మలబారు వాన సంగతి విన్నవాళ్ళకే తెలుసు. పక్కవాడి దగ్గు కూడా వినపడదు. అందుకని అచ్యుతన్ మాష్ కాలేజీలో వాన క్లాసు అని ఒక పద్ధతి ఉంది. వాన గట్టిపడిందంటే టీచరు నోరు మూసుకుని బోర్డు మీద రాసుకుంటూ పోవాలి. పిల్లలు చూస్తూ రాసుకుంటారు. బోర్డు మీద పడిందంతా నోటు పుస్తకంలో పడాలి. వరసకి ఒక పలక ఉంటుంది. అనుమానం వస్తే పలక మీద రాసి ముందుకి పంపుతారు, టీచరు చదివి బోర్డు మీదే జవాబు రాస్తుంది. వర్గీస్ సారు మైకు ఎంత అరిచినా రాని శ్రద్ధ ఆ మౌనంలో వస్తుందని మాష్ నమ్మకం. రేకులు మార్చి స్లాబు వేసే స్తోమత లేదు కాబట్టి ఆ నమ్మకం ఆయనకి బాగా కుదిరింది.

జలజకి అది మొదటి వాన క్లాసు. గొంతు వణికినా ఎవరికీ తెలియదు కదా అని లోపల్లోపల సంతోషపడింది కూడా.

అడ్డంగా గీత గీసింది. కుడి చివర ప్లస్, ఎడమ చివర మైనస్. రెంటికీ కలిపి డైపోల్ బాణం ఒకటి. అదే గీత మీద ప్లస్ దాటాక కుడివైపు దూరంగా ఒక చుక్క. అక్కడ ప్లస్ వల్ల ఎంత, మైనస్ వల్ల ఎంత. ప్లస్ దగ్గర కాబట్టి దాని తోపుడు ఎక్కువ, మైనస్ దూరం కాబట్టి దాని లాగుడు తక్కువ. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది డైపోల్ బలానికి రెండు రెట్లు, కింద దూరం ఘనం. ఒక్కో మెట్టూ అందంగా దిగింది. చుక్క దగ్గర బయటి వైపుకి, అంటే కుడికి, క్షేత్రం బాణం గీసి పక్కకి జరిగింది. పెన్నులు పరిగెడుతున్నాయి. ఇంత బాగా వస్తుందని తనే అనుకోలేదు.

చివరి వరస నుంచి పలక బయల్దేరింది. చేతులు మారి మారి ముందుకి వచ్చింది. రమ్లా గుండ్రటి అక్షరాలు.

"పుస్తకంలో ఈ గీత మీద క్షేత్రమూ డైపోల్ బాణమూ ఒకే వైపు అని ఉంది టీచర్. మీ రెండూ ఎదురెదురు."

జలజ బోర్డు చూసింది. నిజమే. డైపోల్ బాణం ఎడమకి, క్షేత్రం బాణం కుడికి. తీసివేతలో గుర్తు మారిందా? మొదటి నుంచి చూసింది, ఎక్కడా మారలేదు. రెండోసారి చూసింది. ఇరవై మూడు జతల కళ్ళు ఆమె వీపు మీద. భయపడ్డ మనిషి చేసే పనే చేసింది. పుస్తకం అబద్ధం చెప్పదు కాబట్టి తన లెక్కే తప్పని అనుకుని, క్షేత్రం బాణాన్ని చెరిపి తిప్పి గీసేసింది. ఇప్పుడు రెండు బాణాలూ ఎడమకే. పెన్నులు టకటకా కొట్టేసి మళ్ళీ రాసుకున్నాయి.

పలక వెనక్కి వెళ్ళి నిమిషంలో తిరిగొచ్చింది.

"ప్లస్ ఎదురుగా ఇంకో ప్లస్ పెడితే అది దగ్గరికి లాక్కుంటుందా టీచర్?"

పలక దాటిన ప్రతి బెంచీ నవ్వింది. వానలో నవ్వు వినపడలేదు, వరసగా పళ్ళు మాత్రం కనపడ్డాయి. వినపడని నవ్వు మరీ ఘోరం. రమ్లా నవ్వలేదు, కిటికీలోంచి ఎదుటి మేడ వైపు చూసింది. ఆ చూపుతో మందుల షాపు, చిన్నమ్మ, గాజు సీసాల వరసలు, అన్నీ జలజ కళ్ళ ముందుకి వచ్చి నిలబడ్డాయి. గంట కొట్టేసి పారిపోవాలనిపించింది. గంట మాష్ టేబుల్ మీద ఉంది.

పారిపోవడానికి లేదు కాబట్టి బోర్డుకేసే తిరిగి నిలబడింది. ఏది ఖాయంగా తెలుసు, అది పట్టుకో అనుకుంది. చుక్క దగ్గర చిన్న ప్లస్ ఛార్జి పెడితే, దగ్గరున్న ప్లస్ దాన్ని తోస్తుంది. కుడికే తోస్తుంది. ఇందులో పుస్తకానికి, వర్గీస్ సారుకి, ఎవరికీ వేరే మాట లేదు. కాబట్టి మొదట గీసిన క్షేత్రం బాణమే సరి. అది సరైతే తప్పు ఇంకెక్కడుండాలి?

అప్పుడు కనపడింది. డైపోల్ బాణం తోక మీద చిన్న అడ్డగీత. ప్లస్ గుర్తు లాంటి తోక. ఐదేళ్ళుగా నీటి బొమ్మ మీద, అమ్మోనియా బొమ్మ మీద కొన్ని వందల సార్లు గీసిన తోక. కెమిస్ట్రీ వాళ్ళు డైపోల్ బాణాన్ని ప్లస్ దగ్గర మొదలెట్టి మైనస్ వైపుకి గీస్తారు, వాళ్ళకి ఎలక్ట్రాన్లు ఎటు పోయాయో చూపించడం ముఖ్యం. ఫిజిక్స్ వాళ్ళు మైనస్ నుంచి ప్లస్‌కి గీస్తారు. మెదడు ఫిజిక్స్ చేస్తుంటే చెయ్యి తన పుట్టింటి అలవాటు చొప్పున గీసేసింది. అత్తారింట్లో పుట్టింటి వంట వండి పెట్టింది, అంతే! లెక్కలో దోషం లేదు.

జలజకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు, వానలో ఎవరికి వినపడుతుంది గనక. పిల్లలకి మాత్రం టీచర్ భుజాలు ఊగడం కనపడి, ఏడుస్తోందని కొందరు పెన్నులు కింద పెట్టారు. ఆమె ఇటు తిరిగేసరికి కళ్ళ నిండా నవ్వు. చాక్‌పీసు తీసుకుని బోర్డు అడుగున పెద్ద అక్షరాలతో రాసింది.

"నా లెక్క సరే. బాణం తప్పు. నేను కెమిస్ట్రీ మనిషిని. మా వాళ్ళు డైపోల్ బాణం తిరగేసి గీస్తారు. చేతి అలవాటు. పుస్తకం చూసి భయపడి సరిగ్గా ఉన్న బాణాన్ని కూడా పాడుచేశాను. ఆ రెండో తప్పుకి అలవాటు కారణం కాదు, పిరికితనం."

చదువుతున్నకొద్దీ పిల్లల మొహాలు మారాయి. టీచరు తప్పు అని బోర్డు మీద రాయడం వాళ్ళెప్పుడూ చూడలేదు. రమ్లా కిటికీ వదిలి ఇటు తిరిగింది. కానీ నోటు పుస్తకాలన్నీ కొట్టివేతలతో కోళ్ళు కెలికిన చెత్తకుప్పల్లా అయిపోయి ఉన్నాయి. ఏ బాణం ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియక పిల్లలు ఒకరి పుస్తకంలోకి ఒకరు చూసుకుంటున్నారు. మళ్ళీ గీస్తే మళ్ళీ అదే గందరగోళం. జలజ నేలకేసి చూసింది. ప్రతి బెంచీ కిందా గొడుగు, ప్రతి గొడుగుకీ ఒక మొన, ఒక పిడి.

ఆమె గబగబా వరండాలోకి వెళ్ళి మాష్ మేకు మీంచి ఆయన పొడుగాటి నల్లగొడుగు తీసుకొచ్చింది. బెంచీలు గోడలకి జరపమని చేతులతో సైగ చేసింది. ఏమిటో అర్థం కాకపోయినా బెంచీలు జరపమంటే వద్దనే పిల్లలు భూమ్మీద లేరు. గది మధ్య ఖాళీ అయింది. మాష్ గొడుగుని నేల మీద నడిమధ్య పెట్టి మొన దగ్గర చాక్‌పీసుతో ప్లస్, పిడి దగ్గర మైనస్ రాసింది. దాని చుట్టూ రెండు బారల దూరంలో పెద్ద సున్నా చుట్టి, బోర్డు మీద రాసింది.

"ఇదే డైపోల్. తలో చోటు పట్టుకోండి. మీ చోట క్షేత్రం ఎటో లెక్కకట్టి, మొన అటు ఉండేలా మీ గొడుగు పెట్టండి."

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత అందరూ ఒకేసారి కదిలారు.

డైపోల్‌కి సూటిగా ఎదురుగా మొన వైపు నిలబడ్డ కుర్రాడికి కష్టం లేదు, లెక్క బోర్డు మీదే ఉంది. గొడుగు మొన బయటికి పెట్టాడు. పిడి వైపు నిలబడ్డ అమ్మాయి కాసేపు వేళ్ళు విరుచుకుని, అక్కడ మైనస్ దగ్గర కాబట్టి లాగుడే ఎక్కువని తేల్చి, మొన పిడి వైపుకి పెట్టింది. రెండు గొడుగులూ మాష్ గొడుగు చూసే వైపే చూస్తున్నాయి. పుస్తకంలో మాట నేల మీద నిలబడింది.

ఇక పక్కలకి, డైపోల్ నడుముకి ఎదురుగా నిలబడ్డవాళ్ళ పని. వాళ్ళకి ప్లస్సూ మైనస్సూ సమాన దూరం. జలజ పక్కన కూర్చుని పలక మీద రాసి చూపించింది. ప్లస్ ఇటు ఏటవాలుగా తోస్తుంది, మైనస్ అటు ఏటవాలుగా లాగుతుంది, అడ్డపాళ్ళు ఒకదాన్నొకటి తినేస్తాయి, మిగిలేది డైపోల్ బాణానికి ఎదురు దిక్కు, బలం అక్షం మీద ఉన్నదాంట్లో సగం. ఆ సగం అన్న మాట చూసి ఒక పిల్లాడు తన పొడుగు గొడుగు వెనక్కి తీసుకుని, పక్కవాడి దగ్గర మడతగొడుగు లాక్కుని, మడత విప్పకుండా దాన్నే పెట్టాడు. పొడుగులో సగం. జలజ వాడి వీపు తట్టింది. వెంటనే ఇంకొకడు రెట్టింపు దూరంలో పోయి నిలబడి తలగోక్కున్నాడు. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతే. అంత గొడుగు ఎక్కడ దొరుకుతుంది? జేబులోంచి పెన్ను తీసి పెట్టాడు. వాడిని చూసి నడుముకి ఎదురుగా దూరం జరిగినవాడు చాక్‌పీసు ముక్క పెట్టాడు.

రమ్లా ఇంకా ఏదీ పెట్టలేదు. కావాలనే నిలబడ్డట్టు, అక్షానికీ నడుముకీ సరిగ్గా మధ్యన ఏటవాలు చోట నిలబడింది. పలక చాపింది.

"నాది ఇదీ కాదు, అదీ కాదు. పోయినేడు నన్ను ముంచింది ఈ చోటే."

వానకి అప్పుడే కాస్త అలుపు వస్తోంది. జలజ ఆమె పక్కన గొంతుక్కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి మొదటిసారి మాట్లాడింది.

"డైపోల్ బాణాన్ని రెండు ముక్కలు చెయ్. ఒక ముక్క నీ వైపు సూటిగా చూసేది, ఇంకోటి నీకు అడ్డంగా ఉండేది. సూటి ముక్కకి నువ్వు అక్షం మీద ఉన్నట్టే. అడ్డముక్కకి నడుముకి ఎదురుగా ఉన్నట్టే. రెండు లెక్కలూ నీకు తెలుసు కదా."

రమ్లా పలక చెరిపి రాసింది. సూటిగా రెండు పాళ్ళు, అడ్డంగా ఒక పాలు, అదీ తిరగేసి. పెదవి కొరుక్కుంటూ రెంటినీ కలిపింది. లేచి గొడుగు పెట్టింది. ముందు మొన బయటికి పెట్టి, మళ్ళీ పలక చూసుకుని కొంచెం తిప్పింది, ఇంకొంచెం తిప్పింది. ఆమె గొడుగు దాదాపు మాష్ గొడుగుకి అడ్డంగా తిరిగి ఆగింది.

అక్కడితో బొమ్మ పూర్తయింది. రమ్లా రెండడుగులు వెనక్కేసి చూసింది. మొన దగ్గర బయల్దేరిన గొడుగులు రెండు పక్కలకీ ఒంగి, నడుము దగ్గర వెనక్కి తిరిగి, మళ్ళీ పిడి దగ్గరికి చేరుతున్నాయి, నడిపాపిట తీసి రెండు వైపులా దువ్విన తలలా. ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదు. ఎవరి చోట వాళ్ళు లెక్కకట్టుకున్నారు. అయినా ఒక గొడుగు చూపించిన చోటి నుంచే పక్క గొడుగు దారి అందుకుంది.

"ఎవరూ ఎవరిదీ కాపీ కొట్టలేదు టీచర్" అంది రమ్లా. ఏడాదిగా మోస్తున్న మూడు మార్కుల బరువు అక్కడే ఎక్కడో దింపేసినట్టుంది.

అదే సమయానికి అచ్యుతన్ మాష్ తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యారు. కింద మొయ్దుక్క, నెత్తిన బల్లలు ఈడుస్తున్న చప్పుడుకి కొట్టుకుంటున్నారేమోనని, పళంపొరి అనే అరటిపండు బజ్జీల మూకుడు దించి కబురు పంపాడట. పైకొచ్చి చూస్తే మేకు మీద తన గొడుగు లేదు. గదిలో చూస్తే నేలంతా గొడుగులు. ఆయన లోపలికి అడుగెయ్యబోయారు.

"తొక్కకండి మాష్. ఫీల్డు" అంది రమ్లా.

వాన ఆగిపోయింది కాబట్టి ఆ మాట గదంతా వినపడింది. జలజకి పై ప్రాణాలు పైనే పోయాయి. మాష్ ఎత్తిన కాలు అలాగే ఉంచి, గొడుగులు చూశారు, బోర్డు చూశారు, బోర్డు అడుగున పెద్ద అక్షరాల తప్పొప్పుకోలు చదివారు. లెక్కల మనిషి, మళ్ళీ గొడుగులకేసి చూశారు. తర్వాత చెప్పులు విడిచి, పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, తన గొడుగు మొన దగ్గర ప్లస్ గుర్తు మీద నిలబడ్డారు. అక్కణ్ణుంచి ఒక్కో గొడుగు ఎటు చూపిస్తే అటు, వాటి పక్కనే అడుగులో అడుగేసుకుంటూ నడిచారు. బయటికి, ఏటవాలుగా, రమ్లా గొడుగు దగ్గర బాగా పక్కకి తిరిగి, మడతగొడుగుల పక్కన వెనక్కి, చివరికి సరిగ్గా పిడి దగ్గర మైనస్ మీదికి వచ్చి ఆగారు. అరవయ్యేళ్ళ మనిషి ప్లస్ ఛార్జి అయి ఊరేగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన మొహంలో మాత్రం నవ్వు కనపడనివ్వలేదు.

"మీ గొడుగు తీసిస్తాను మాష్, బస్సు టైమైంది కదా" అని జలజ వంగబోయింది.

"ఉండనీ. అది తీసేస్తే ఇవన్నీ ఇలా ఎందుకున్నాయో ఎవరికి అర్థమవుతుంది?"

అలా అని చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయారు. సరిగ్గా ఆయన బస్టాండు చేరేలోపే వాన మళ్ళీ దంచింది. పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడి, మాష్ తడుస్తూ పోవడం చూశారు. జలజ ఆ వానని చూస్తూ, పడే నీళ్ళలో ప్రతి అణువూ ఒక డైపోలేనని, ఆక్సిజన్ వైపు మైనస్ అనీ హైడ్రోజన్ల వైపు ప్లస్ అనీ చెప్పింది. ఇది మాత్రం మా పుట్టింటి విద్య అంది. ముందు వరసకే వినపడింది. వాళ్ళు వెనక్కి పలక పంపారు.

శుక్రవారం మాష్ కాలేజీకి సెలవు. శనివారం ఉదయం జలజ బస్సు దిగేసరికి మళ్ళీ వానే. మొయ్దుక్క కొట్టులోంచి ఒక చాయ తాగి పొమ్మన్నాడు, నిన్నంతా ఎదుటి కాలేజీ పిల్లలు వచ్చి మొన్న పైన ఆ చప్పుడేమిటని అడిగారని చెప్పబోయాడు. తర్వాత తాగుతాను ఇక్కా అని ఆమె మెట్లెక్కేసింది.

వరండాలోకి వచ్చింది గానీ తలెత్తి గోడ చూసే ధైర్యం రాలేదు. రెండో సంవత్సరం ఫిజిక్స్ మేకుల కింద నేల మీద గొడుగులు కార్చిన నీటి మడుగులు ఉన్నాయి. వాటినే లెక్కపెట్టింది. పద్నాలుగు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. పద్నాలుగే. అప్పుడు తలెత్తి చూసింది. మొన్న పెన్ను పెట్టినవాడి పేరుంది, చాక్‌పీసు ముక్కవాడి పేరుంది, పిడి వైపు నిలబడ్డ అమ్మాయి పేరుంది. రమ్లా పేరు లేదు.

మాష్ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనా లెక్కపెట్టే ఉంటారు. మాట అన్నాక మాటే, ఆ మనిషి ఒక్క అంకె అటూ ఇటూ జరపరని జలజకి తెలుసు. పద్నాలుగు మందికి చెప్పగలిగాను, కోళ్ళ కంటే నయమే కదా అనుకుని నవ్వుకోబోయింది, నవ్వు రాలేదు.

కింద మెట్ల మీద కాళ్ళ చప్పుడు. ఒక మనిషిది కాదు. ముందు రమ్లా వచ్చింది, సగం తడిసి, రొప్పుతూ. వెనక ఇద్దరు కొత్త అమ్మాయిలు, ఎదుటి కాలేజీ పుస్తకాల అట్టలతో.

"ఆలస్యమైంది టీచర్. పొద్దున వర్గీస్ సారు కూడా డైపోలే చెప్పారు. మైకులో బాగానే చెప్పారు" అంది. "ఏటవాలు చోట ఏమవుతుందని అడిగితే, పోయినేడు వచ్చేసింది, ఈసారి పరీక్షలో రాదు వదిలెయ్ అన్నారు. వీళ్ళకి అది కావాలంట. గొడుగులు తెచ్చుకున్నారు."

ఆమె చాక్‌పీసు తీసుకుని పదిహేనో మేకు మీద తన పేరు రాసి గొడుగు తగిలించింది. కొత్తవాళ్ళు పదహారు, పదిహేడు రాసుకున్నారు. జలజ అలాగే నిలబడి ఉంది, కళ్ళనీళ్ళు వాన ఖాతాలో వేసేద్దామంటే వరండాకి కప్పుంది. మాష్ గొంతు సవరించుకుని, రమ్లా చేతిలో చాక్‌పీసు చూసి, తల ఒక్కసారి ఆడించారు.

రమ్లా ఆఫీసు తలుపు పక్కన తుప్పు మేకు దగ్గరికి వెళ్ళి, దాని పైన గోడ మీద "జలజ టీచర్" అని రాసింది. ఊరుకోకుండా పేరు కింద ఒక బాణం కూడా గీసింది. తోక మీద చిన్న అడ్డగీత, అచ్చం కెమిస్ట్రీ వాళ్ళ బాణం. మొన క్లాసు గది వైపు.

"మీ పుట్టింటి బాణం టీచర్. ఇక్కడ ఉండనీయండి, బోర్డు మీదకి మాత్రం రానీయకండి."

జలజ ముందుకొచ్చి గొడుగు మేకుకి తగిలించింది. కాసేపటికి దాని మొన నుంచి మొదటి చుక్క నేల మీద పడింది.